ఎర్ర టేపు కట్టాక

రిటైరయ్యాక మా సంఘంలో నాకు ఒక కొత్త పరిచర్య దొరికింది. ఆదివారం ఆరాధన ముగిశాక, మేము అద్దెకు తీసుకున్న స్కూలు హాలు వెనక పార్కింగ్‌లో, స్టూడెంట్లు కొనుక్కున్న పాత కార్ల కింద దూరడం. కోటు విప్పి, అట్టముక్క పరుచుకుని, టార్చి వేసి చూస్తాను. నేను బయటికొచ్చి తల ఊపాకే మా పాస్టరుగారు ఆ కారు కోసం ప్రార్థన చేస్తారు. ముందు బ్రేకులు, తరవాత ఆమేన్. గ్యారేజీల్లో చేరిన పిల్లలు మీలో కొందరు, ఈ పద్ధతి ఇంకే సంఘంలోనూ చూడలేదే, ఇక్కడెలా వచ్చింది అని నన్ను అడిగారు. అది ఒక క్వాడ్ బండి వల్ల వచ్చింది.

నేను పని నేర్చుకున్నది ఆంధ్రాలో ఒక బస్సు డిపోలో, బ్రేకుల సెక్షన్లో. తరవాత గల్ఫ్ వెళ్లి, ఎడారిలో టూరిస్టులు సరదాకి నడిపే క్వాడ్లు బాగుచేశాను. కెనడా వచ్చాక ఏజాక్స్ ఊరు దాటి పొలాలు మొదలయ్యే చోట ఒక షాపులో కుదిరి, అక్కడే రిటైరయ్యాను. స్పోర్ట్ క్వాడ్ అంటే తెలియనివాళ్లకు ఒక ముక్క చెబుతాను. నాలుగు చక్రాల మీద కూర్చోబెట్టిన మోటార్‌సైకిల్ అనుకోండి. పొలం పనికి వాడే క్వాడ్ బరువులు మోస్తుంది. స్పోర్ట్ క్వాడ్ మోసేది ఒక్క మనిషినే, కానీ మట్టిదిబ్బల మీదినుంచి గాల్లోకి లేస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన బండిని రేసుకు తగ్గట్టు మార్చడం మా షాపు పని. ముందు చక్రాలు రెండూ ఎడంగా ఉండేలా, వాటిని ఫ్రేముకు కలిపే ఇనుప చేతులు మార్చడం, కుదుపు మింగే పొడుగాటి షాకులు వెయ్యడం, హ్యాండిల్ అదిరిపోకుండా డ్యాంపర్ పెట్టడం, ఇంజనుకు గాలి పీల్చడం, వదలడం తేలిక చెయ్యడం.

వచ్చే ప్రతి కస్టమరూ వేగం అడిగేవాడు. ఆగడం గురించి అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఆ ముక్క నేనే ఎత్తేవాణ్ణి. అందుకు షాపులో నన్ను వెక్కిరించేవాళ్లు.

మా ఓనరు ఎడమకాలు కుంటుతాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. కానీ ఆ కాలికీ, ఆయన పెట్టిన ఒక నియమానికీ సంబంధం ఉందని అందరికీ తెలుసు. బండి పూర్తయ్యాక ఆఖరిసారి తనిఖీ చేసినవాడు ముందు బ్రేకు లీవరుకు ఎర్ర టేపు చుట్టాలి. టేపు కట్టాక ఆ బండి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. నట్టు వదులైనట్టు కనబడినా సరే, టేపు కట్టినవాణ్ణి పిలవాలి తప్ప ముట్టుకోకూడదు. టేపు తెంచేది నడిపే మనిషే. ఆ టేపు రోలు ఓనరు దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉండేవి. మూడో మనిషికి ఇవ్వలేదు.

టేపు చుట్టేముందు నేను సీటు మీద చెయ్యి పెట్టి, ఆ బండి ఎక్కబోయే మనిషి కోసం చిన్న ప్రార్థన చేసేవాణ్ణి. మా వెల్డరు స్కార్‌బరోలో ఉండే జాఫ్నా తమిళుడు. పనిపెట్టె మూత లోపల మురుగన్ బొమ్మ అతికించుకున్న భక్తుడు. నా ప్రార్థన అయ్యేదాకా మిషను ఆపి, అయ్యాక ఒక రాయి విసరడం అతని అలవాటు.

"బ్రదర్, మీ దేవుడు నట్లు కూడా బిగిస్తాడా?"

"బిగించడు. నువ్వు బిగించనివి ఏవో నాకు చూపిస్తాడు."

"అయితే మా మురుగన్‌ని కూడా ఒక మాట అడుగు. నా వెల్డింగు ఎలా ఉందో."

ఇలా ఉండేది మా షాపు.

ఆ ఏళ్లల్లో ప్రతి సెప్టెంబరుకూ, మళ్లీ ప్రతి జనవరికీ, మా ఆరాధన హాల్లో కుర్చీలు చాలేవి కావు. తెలంగాణ నుంచీ, ఆంధ్రా నుంచీ స్టూడెంట్లు విమానాల నిండా దిగుతుండేవాళ్లు. ఒక బేస్‌మెంట్‌లో ఎంతమంది పట్టగలరో స్కార్‌బరోలో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఆ పిల్లల దగ్గరే నేర్చుకున్నారు. పొద్దున కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్‌లో డబ్బాలు సర్దడం, వారాంతం కాఫీ షాపు. వాళ్లలో ఖమ్మం వైపు అమ్మాయి ఒకతె, రూమ్మేట్ల వెంట మా సంఘానికి రావడం మొదలుపెట్టింది. వాక్యం కోసం కాదని, ఆరాధన తరవాత పెట్టే అన్నం కోసం వస్తున్నానని నాతోనే చెప్పింది. నిజం చెప్పే మనిషి అని నాకు అప్పుడే నచ్చింది.

ఇండియాలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కాలేజీ టీములో చేరి, పైపులు వంచి, వెల్డు చేసి ఒక బగ్గీ తయారుచేసిందట. పోటీలో దాన్ని నడిపింది కూడా తనే. ఇక్కడ వాహనాల కోర్సు చదువుతోంది. నేను ఓనరుతో మాట్లాడితే పార్ట్ టైముకు తీసుకున్నాడు. రెండు బస్సులు మారి, చివరన రోడ్డు పక్కన నడిచి వచ్చేది. వచ్చిన దగ్గర్నుంచీ చేతులు ఖాళీగా పెట్టుకోలేదు.

రేసులో పల్టీలు కొట్టి ముందుభాగం వంకరపోయిన ఒక స్పోర్ట్ క్వాడ్‌ను ఓనరు విడిభాగాల కోసం కొని మూలన పడేశాడు. ఆ అమ్మాయి దాని చుట్టూ రెండు వారాలు తిరిగి, ఒకరోజు ఓనరు దగ్గరికి వెళ్లి, దీన్ని నేను లేపుతాను అంది. ఆయన కుంటుకుంటూ ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"లేపితే సరిపోదు. ఎండాకాలం చివర క్లబ్బు రేసు ఉంది, అందులో ఆడవాళ్లకు విడిగా క్లాసుంది. నువ్వే నడుపు. రెండు రౌండ్లూ మొదలుపెట్టి రెండూ పూర్తిచెయ్యి. సెప్టెంబరు నుంచి నువ్వు నా ఫుల్ టైం మెకానిక్‌వి. ఇమిగ్రేషన్‌కు కావలసిన లెటరు ఇస్తాను. పూర్తికాకపోతే, సీజన్ అయ్యాక నాకు పార్ట్ టైం మనిషి అవసరం లేదు."

ఆయన మాట మీద నిలబడే మనిషి. రెండు వైపులా.

ఆ సాయంత్రం ఆమెను నా కార్లో సంఘ ప్రార్థనకు తీసుకెళ్లాను. సగం దారిలో అంది, "అంకుల్, నా కోర్సు అయిపోవస్తుంది. వేర్‌హౌస్‌ల ఎన్నేండ్లు డబ్బాలు సర్దినా అది పీఆర్‌కు, ఇక్కడనే ఉండిపోయే కార్డుకు, ఎక్స్‌పీరియన్స్ కింద లెక్క రాదు. ఈ జాబే నాకు దారి. ఇది పోతే ఇంటికి పోవుడే."

బండి లేపడం మొదలైంది. వెల్డరు వంకర ఫ్రేమును కోసి, నిలబెట్టి, మళ్లీ అతికించాడు. నేనూ ఆమే ముందు చేతులు వెడల్పువి వేశాం. షాకులు కంపెనీ పుస్తకంలో ఉన్నట్టు బిగించి వెనక పొలంలో నడిపితే ముందుభాగం కప్పలా గెంతింది. పుస్తకంలో ఉన్నది బరువైన మగవాడి లెక్క. ఆమె కోపంతో హెల్మెట్ గడ్డిలోకి విసిరి, తనే వెళ్లి తెచ్చుకుని, స్ప్రింగులన్నీ తన బరువుకు మళ్లీ సరిచేసింది. ఇంజను దగ్గర మాకు ప్రతిరోజూ తగువే.

"అంకుల్, ఎగ్జాస్ట్ మారుద్దాం. ఎట్ల ఉరుకుతదో సూడున్రి."

"ముందు బ్రేకు గొట్టాలు మారుద్దాం. పాతవి రబ్బరువి, వేడెక్కితే ఉబ్బుతాయి. స్టీలు అల్లిక ఉన్నవి వెయ్యాలి."

"ఎప్పుడు సూసినా ఆగుడే అంటరు మీరు. ఉరకకుంటే గెలుస్తమా?"

"ఉరికినవాళ్లంతా మలుపు దగ్గర ఆగాలి కదమ్మా."

రెండూ మార్చాం. ఎగ్జాస్టు మోగినప్పుడు ఆమె నా వైపు చూసి నవ్వింది. బ్రేకు గొట్టాలు వేసినప్పుడు నేనొక్కణ్ణే నవ్వుకున్నాను.

రేసు ఆదివారం పడింది. మా ఆరాధన మధ్యాహ్నం కాబట్టి, పొద్దున వచ్చి ప్రార్థన చేసి వెళతామని పాస్టరుగారు అన్నారు. ట్రాకు పొలాల మధ్య ఉంది. ఎర్రమట్టి కాదు, బూడిదరంగు దుమ్ము. ఆ ట్రాకులో అందరూ భయపడే చోటు ఒకటుంది. పొడుగాటి దిగుడు, దాని అడుగున ఎడమవైపుకు మెలితిరిగే మలుపు. ఆ మలుపు బయటి అంచున గడ్డిమోపుల గోడ. దిగుడులో పూర్తి వేగం మీద వచ్చి, ముందు బ్రేకు గట్టిగా పట్టకపోతే ఆ గోడ తప్ప ఇంకో దారి లేదు.

పొద్దున ప్రాక్టీసు బాగా జరిగింది. బండి వెనక్కి రాగానే నట్లన్నీ చూశాను, రెండు ముందు డిస్కులూ చూశాను. చక్రం లోపలివైపు పళ్లెంలా తిరిగే ఇనుప బిళ్ల అది. బ్రేకు పట్టినప్పుడు ప్యాడ్లు దాన్ని రెండు వైపులా నొక్కుతాయి. శుభ్రంగా, పొడిగా ఉన్నాయి. సీటు మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, లీవరుకు ఎర్ర టేపు చుట్టాను. తరవాత నేనూ ఆ అమ్మాయీ రైడర్ల మీటింగుకు వెళ్లాం. బండి దగ్గర వెల్డరు ఉన్నాడు.

మేము తిరిగి వచ్చేసరికి మా టెంటు చుట్టూ మనవాళ్లు. రెండు వ్యాన్ల నిండా వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, చున్నీలు, పులిహోర డబ్బాలు. పక్క టెంట్లవాళ్లు నోరు తెరుచుకుని చూస్తున్నారు. పాస్టరుగారు హ్యాండిల్ మధ్యలో వేలితో ఒక చుక్క ఆలివ్ నూనె రాసి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ బండి మీద చేతులుంచారు. సీటు మీద, మడ్‌గార్డుల మీద, బంపరు మీద. నేను పరుగున వెళ్లి ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచినప్పుడు మొదట చూసింది లీవరు. ఎర్ర టేపు కట్టినట్టే ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

దేవుని మందసం జారిపోతుంటే మంచి మనసుతోనే చెయ్యి వేసి, ప్రాణం పోగొట్టుకున్నవాడి బైబిలు కథ నేను సండే స్కూల్లో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. అయినా ఆ పొద్దున అది నాకు గుర్తు రాలేదు. చేతులుంచి ప్రార్థించడం కూడా బండిని ముట్టుకోవడమేనని తోచలేదు.

ఆ అమ్మాయి టేపు తెంచి, బండి స్టార్టు చేసి, స్టార్టింగ్ లైను వైపు మెల్లగా వెళ్లింది. మనవాళ్లు తాడు దగ్గరికి పరిగెత్తారు. నేను పనిముట్లు సర్దుతుంటే బల్ల మీద నూనె సీసా కనబడింది. ఆ సీసా నాకు బాగా తెలుసు. పాస్టరుగారు వేలి కొనతో వాడతారు, ఏడాదికి పైగా వస్తుంది. అది దాదాపు ఖాళీగా ఉంది.

బల్ల పక్కన ఒక స్టూడెంట్ కుర్రాడు పులిహోర మూత తీస్తున్నాడు. గుంటూరు వైపువాడు.

"ఈ నూనె ఏమైంది బాబూ?"

"చక్రాలకి పోశానంకుల్." వాడి ముఖం వెలిగిపోతోంది. "మా నాన్న ఆటో కొన్నప్పుడు మా ఊళ్లో పాస్టరుగారు చక్రచక్రానికీ రాశారు. ఇది రేసు బండి కదా, ఇంకొంచెం ఎక్కువ కావాలనిపించింది. అందరూ కళ్లు మూసుకున్నారని నేనే..."

"ఎక్కడ పోశావు? ఎక్కడ?"

"ముందు చక్రానికి. ఇటు ఎడమపక్కన లోపలికి బాగా పోశాను. అటుపక్క ఆంటీవాళ్లు నిలబడ్డారు, చెయ్యి అందలేదు. టైరు మీద రెండు చుక్కలే పడ్డాయి. ఏవైంది అంకుల్?"

ఎడమ డిస్కు నూనెలో మునిగింది. కుడి డిస్కు పొడిగా ఉంది. రెండూ నూనెపాలైతే బండి ఆగదు. ఒక్కటే అయితే అంతకన్నా అన్యాయం. పొడిగా ఉన్న చక్రం పట్టుకుంటుంది, రెండోది జారుతుంది, బండి ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. ఆ దిగుడు అడుగున మలుపు ఎడమకి. గోడ కుడివైపు.

నా వయసులో పరిగెత్తకూడదు. పరిగెత్తాను.

లైను దగ్గర నారింజరంగు చొక్కా వేసుకున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇక్కడి నుంచి రైడర్లే." ఇంజన్ల మోతలో నా అరుపు నాకే వినబడలేదు. షాపులో మాకొక సైగ ఉంది, గొంతు మీద అడ్డంగా వేలు గీస్తే ఇంజను ఆపమని. అది చేశాను. ఆమె నన్ను చూసింది, తల అడ్డంగా ఊపింది. నేను ఆ మనిషితో "బ్రేకు, బ్రేకు" అన్నాను. నా ముఖం చూసి ఆయన చెయ్యి దించాడు.

హెల్మెట్ దగ్గర నోరు పెట్టి చెప్పాను. "ఎడమ డిస్కు మీద నూనె పడిందమ్మా. పక్కకి తీసెయ్."

"నూనెనా? ఎవరు పోసిర్రు?"

"ప్రార్థనలో."

గాగుల్స్ వెనక కళ్లు రెప్ప వెయ్యలేదు. "ఇప్పుడు లైన్లకెళ్లి బయటికొస్తే ఈ రౌండ్ పోయినట్టే. ఆయన ఏమన్నడో మీకు ఎరుకే గదా."

"తెలుసు."

"ఎనక బ్రేకుతోని నడుపుత అంకుల్. మెల్లగ పోత. ఆఖర్ల వచ్చినా పర్వాలేదు, ఫినిష్ జేస్తే సాలు."

"ఆ దిగుడులో మెల్లగా వెళ్లడం నీ చేతిలో ఉండదు. వెనకనుంచి వచ్చేవాళ్లు నిన్ను మెల్లగా వెళ్లనివ్వరు. భయంతో చెయ్యి దానంతటదే ముందు బ్రేకు పట్టేస్తుంది."

"ప్రార్థన జేసిర్రు గదా! మీరే గదా ఎప్పుడు చెప్తరు, దేవుడు సూసుకుంటడని."

పిల్లలారా, నేను ఎన్నో కూటాల్లో మాట్లాడాను. ఎవరూ నా మాటను నాకింత గట్టిగా అప్పజెప్పలేదు. పక్కన బండ్లు గర్జిస్తున్నాయి. బండ్ల ముందు అడ్డంగా నిలిపిన గేటు దగ్గర మనిషి చెయ్యెత్తి, అది కింద పడి రేసు మొదలవడానికి ఒక్క నిమిషం అని చూపించాడు. ఈ అమ్మాయి ఇక్కడ ఉండాలంటే ఈ గేటు దాటాలి. దాటితే ఆ గోడ ఉంది. నేను సంఘ పెద్దను. అభిషేకం చేసిన బండికి ప్రమాదం ఉందని చెబుతున్నాను.

"చూసుకున్నాడమ్మా," అన్నాను. "చూసుకోబట్టే ఆ ఖాళీ సీసా నా కంట్లో పడింది."

ఆమె గేటు వైపే చూస్తోంది.

"నా మాట వినొద్దు. ఇక్కడే ఒక అడుగు ముందుకి పోనిచ్చి, ముందు బ్రేకు పట్టి చూడు. నీ చేతులకే తెలుస్తుంది."

క్లచ్ వదిలింది. బండి మనిషి నడిచేంత వేగంతో కదిలింది. లీవరు నొక్కింది. హ్యాండిల్ ఎవరో లాగినట్టు కుడికి కొట్టుకుంది. ముందుచక్రం పక్కబండి బంపరుకు తగిలి ఠంగుమంది. ఆ బండి మీది అమ్మాయి ఇంగ్లిషులో తిట్టింది. అంత మెల్లగా వెళితేనే అంత.

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. ఆమె మణికట్టుకు ఒక తాడు కట్టి ఉంటుంది. రైడరు కింద పడితే ఆ తాడు ఊడి, ఇంజను ఆగిపోతుంది. పడకుండానే, కూర్చున్నచోటే ఆ తాడు పట్టి లాగేసింది. ఇంజను ఆగింది. మేమిద్దరం బండిని పక్కకి తోస్తుండగా వెనక గేటు పడింది. మిగతావాళ్లంతా దుమ్ములోకి వెళ్లిపోయారు.

టెంటు దగ్గరికి వచ్చేసరికి ఓనరు కుంటుకుంటూ వచ్చాడు. "గేటు పడింది. నా బండి ఇక్కడెందుకుంది?"

దాచకుండా చెప్పాను. ఆయన కష్టం మీద వంగి, ఎడమ డిస్కు మీద వేలు పెట్టి, వాసన చూశాడు.

"సలాడ్‌లో వేసుకునేదా?"

"అదే."

"టేపు కట్టాక ఎంతమంది చేతులు పెట్టారు?"

"అందరూ."

ఆయన పాస్టరుగారిని చూశాడు, పులిహోర డబ్బాలు చూశాడు, ఆ అమ్మాయిని చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది.

"పాయె అంకుల్," అని ఆ అమ్మాయి నేల మీద కూర్చుంది. గుంటూరు కుర్రాడు టెంటు గుంజ పట్టుకుని ఏడుస్తున్నాడు. "నావల్లే. అక్క జాబు నావల్లే పోయింది." వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. వెల్డరు ఒక్కడే వాడి వీపు తట్టాడు. "తంబీ, ఇంకోసారికి మా పద్ధతి నేర్చుకో. మేము నిమ్మకాయ టైరు కింద పెడతాం. దాని రసం బ్రేకు మీద పిండం." ఏడుస్తున్నవాడు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రెండో రౌండు ఉంది. ఒకటి పోయాక రెండోదానికి అర్థం లేదని ఆమె అంది. "బండి సగంలో వదిలి వెళితే అది మెకానిక్కు పని కాదు, లే," అన్నాను. చక్రం విప్పాను. డిస్కు మీద చల్లే క్లీనర్ డబ్బా, గుడ్డ తీసుకుని వంగుతుంటే, సంఘంలో పెద్ద సహోదరి ఒకామె అడ్డం వచ్చింది.

"అన్నయ్యగారూ, ప్రార్థన చేసి పోసిన నూనె అది. తుడిచేస్తారా? మీరా?"

పిల్లలంతా నా వైపు చూశారు. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. తుడవకపోతే ఒక మనిషి చస్తుంది. తుడిస్తే ఈ పిల్లల్లో ఒకడి విశ్వాసం చల్లబడొచ్చు. ఆ రెండూ ఒకే త్రాసులో పెట్టాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

పాస్టరుగారు కోటు విప్పి కుర్చీ మీద వేశారు. ఆయన ఆదివారం కాపరి, మిగతా వారమంతా స్కార్‌బరోలో సిటీ బస్సు డ్రైవరు.

"చెల్లెమ్మా, రేపు పొద్దున నా బస్సు బ్రేకుల మీద ఎవరైనా నూనె పోస్తే, ప్రార్థన చేసి పోశారులే అని జనాన్ని ఎక్కించుకుంటానా?" అని నా చేతిలో గుడ్డ లాక్కుని దుమ్ములో మోకాళ్ల మీద కూర్చున్నారు. "ఎలా తుడవాలో చెప్పండి బ్రదర్."

ఆయన తుడిచారు. నేను కొత్త గుడ్డతో మళ్లీ తుడిచాను. నూనె పీల్చిన ప్యాడ్లు ఇక ఎందుకూ పనికిరావు. రెండు వైపులా కొత్తవి వేశాం. వేసింది ఆ అమ్మాయే. మొదట్లో కన్నీళ్లు కారుతున్నాయి, చివరికి వచ్చేసరికి ఆగిపోయాయి. చేతికి పనుంటే అంతే. కొత్త ప్యాడ్లు కుదురుకునేలా గడ్డిలో మెల్లగా నడిపి, ఆపి, నడిపి, ఆపి చూసింది. బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. టేపు చుట్టాను. ఆ సహోదరి పిల్లలందరినీ టెంటు బయటికి పంపి, తానే కాపలా నిలబడింది. ఒక్కరినీ దగ్గరికి రానివ్వలేదు.

రెండో రౌండు మొదలయ్యాక నేను ఆ దిగుడు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ప్రార్థనలో కళ్లు మూసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ఒక్క ప్రార్థన కళ్లు తెరుచుకుని చేశాను. పైన దుమ్ములో మొదట హెల్మెట్ కనబడింది. పూర్తి వేగం మీద దిగింది. పక్కనే ఇంకో బండి, వెనక ఇంకొకటి. అడుగున ఆమె చెయ్యి లీవరు మీద ముడుచుకోవడం చూశాను. ముందు షాకులు కుంగాయి. బండి తిన్నగా నిలబడి, ఎడమకి ఒరిగి, మలుపులోకి వెళ్లిపోయింది. తిరిగి వచ్చిన ప్రతిసారీ అంతే.

గెలవలేదు. రౌండు పూర్తిచేసి, మధ్యలో ఎక్కడో వచ్చింది. ఓనరు బండిని ట్రైలరు ఎక్కించుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఆరాధనలో ఆ అమ్మాయి జుట్టు నిండా బూడిద దుమ్ముతో ఆఖరి వరసలో కూర్చుంది. అన్నం తినకుండా వెళ్లిపోయింది. అది నాకు గుచ్చుకుంది.

తరవాత ఆమె షిఫ్టు ఉన్న రోజు వచ్చింది. తన పనిముట్లు సంచీలో వేసుకుంటోంది. నేను ఆపడానికి ఆమె దగ్గరికి వెళుతున్నాను. ఓనరు ఆఫీసు తలుపు దగ్గర నిలబడి "ఏయ్" అన్నాడు. ఆమె తిరిగేలోపు ఏదో ఎగిరి వచ్చింది. రెండు చేతులా పట్టుకుంది.

ఎర్ర టేపు రోలు. కొత్తది, ప్లాస్టిక్ కూడా విప్పలేదు.

"లైనులో నుంచి బండి వెనక్కి తెచ్చినవాళ్లు ఈ షాపులో ఇదివరకు ఎవరూ లేరు. నేనూ తేలేదు," అన్నాడు ఆయన. తన ఎడమకాలి వైపు ఒకసారి చూసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె ఆ రోలును అటూ ఇటూ తిప్పి చూసింది. "అంకుల్, ఏందిది?"

"నీ జాబమ్మా."

ఆ రోలు గుండెలకు అదుముకుని, పనిబల్ల కిందికి జారి కూర్చుంది. వెల్డరు ముసుగు దించుకుని అనవసరంగా ఏదో వెల్డు చేశాడు.

నేను రిటైరై కొన్నాళ్లయ్యాక ఒకసారి షాపుకు వెళ్లాను. ఇప్పుడు ఫ్లోరంతా ఆమె చూసుకుంటోంది. లోపల ఒక క్వాడ్ రేసుకు సిద్ధంగా నిలబడి ఉంది. వెడల్పు చేతులు, కొత్త షాకులు, స్టీలు అల్లిన బ్రేకు గొట్టాలు. పని చక్కగా ఉంది. పాత అలవాటు కొద్దీ సీటు వైపు చెయ్యి చాచాను.

"అంకుల్!" షాపు అటుచివరి నుంచి వినబడింది. "టేప్ కట్టిన. చెయ్యి పెట్టొద్దు."

నిజమే, లీవరుకు ఎర్రగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"బ్రదర్, ఇప్పుడు నీ ప్రార్థన వైర్‌లెస్సా?" అన్నాడు వెల్డరు.

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆ బండి ఎక్కబోయే, నేనెన్నడూ చూడని మనిషి కోసం ప్రార్థించాను. ఆమేన్ అన్నది మాత్రం నేను కాదు. అటుచివర నుంచి, చేతిలో పానా ఆపకుండానే, అన్నం కోసం మా సంఘానికి వచ్చిన అమ్మాయి అంది.